వంశవృక్షం వెదకబోతే ఎదురయ్యే ఇంటి రహస్యాలు

తిరుచ్చులి, అరుప్పుకోట, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల తెలుగు ఇండ్లలో ముసలివారు చెప్పే కథ ఒకటి ఉన్నది. ఉత్తరదేశంలో తురకరాజు ఒకడు తమ ఇంటి ఆడబిడ్డను అడిగినాడనీ, ఇవ్వడానికి మనసొప్పక రాత్రికి రాత్రి ఇల్లూ వాకిలీ విడిచి దక్షిణానికి బయలుదేరినారనీ, దారిలో పొంగే ఏరు అడ్డమైనప్పుడు రెండు గట్ల మీది చెట్లు వంగి వంతెనగా నిలిచినవనీ ఆ కథ సారాంశం. కంబళత్తు నాయకులు ఒక విధంగా, కమ్మవారు ఒక విధంగా, రెడ్లు ఒక విధంగా దానిని చెప్పుకొంటారు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాల కులచరిత్రలో తొట్టియ నాయకుల పేరిట ఈ గాథ ఎక్కినది. ఇడైసెవల్ గ్రామపు తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 1976లో ఇటువంటి వలసకథనే ‘గోపల్ల గ్రామం’ నవలకు పునాదిగా చేసికొన్నారు.

చరిత్రకారులు చెప్పేది ఇంతకంటె సాదాగా ఉంటుంది. విజయనగర రాకుమారుడు కుమార కంపన పదునాలుగవ శతాబ్దిలో మదురై సుల్తానులను ఓడించినాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయకుల పాలనను నెలకొల్పినాడు. ఆ సేనల వెంటా, ఆ తరువాతా తెలుగువారు గుంపులు గుంపులుగా దిగివచ్చినారు. నల్లరేగడిలో పత్తీ చిరుధాన్యాలూ పండించడం తెలిసిన రైతులు కనుక, ఏటి ఒడ్డు వరిపొలాలకు దూరంగా పడియున్న కరిసల్ నేలను సాగులోకి తెచ్చి నిలిచిపోయినారు. భయంతో పారిపోయివచ్చినారా, బ్రతుకుతెరువు కోసం వచ్చినారా అంటే రెండూ జరిగి ఉండవచ్చును. అయితే ఇంటి కథలో మిగిలినది మొదటిదే. పరువును నిలిపే మాటను కుటుంబం దాచుకొంటుంది, సామాన్యమైన మాటను మరచిపోతుంది, తలవంపులు తెచ్చే మాటను మింగివేస్తుంది.

ఈ మింగిన మాటలను కక్కించే సాధనం ఒకటి ఇప్పుడు వచ్చినది. అమెరికాలోనో సింగపూరులోనో ఉన్న మనుమడు చిన్న గొట్టంలో ఉమ్మి నింపి కంపెనీకి పంపుతాడు. కొన్ని వారాలకు కంప్యూటరులో “మీ బంధువులు” అని ఒక జాబితా వస్తుంది. అందులో ఎవరూ ఎరుగని పేరు ఒకటి కనిపిస్తే, ఊరిలో ఉన్న అవ్వకు ఫోను వస్తుంది. ఆ ఫోను రాకముందే ఈ పరీక్ష ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలిసికొని ఉండడం మంచిది.

పాతకాలపు వంశకర్తలు

వంశం తెలిసికోవాలనే కోరిక కొత్తది కాదు. తెలుగునేలపై అందుకు ప్రత్యేకంగా కులాలే ఉండినవి. రెడ్లకూ కమ్మవారికీ గోత్రాలూ ఇంటిపేర్లూ పాడి చెప్పేవారు పిచ్చుకుంట్లవారు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు ఆ పని చేసేవారు. ఇంటింటికి తిరిగి ఎవరికి ఎందరు బిడ్డలో జ్ఞాపకం పెట్టుకొని, మరునాడు మరొక ఊరిలో పాడేవారు. దక్షిణానికి వచ్చిన కుటుంబాలు వారికి క్రమంగా దూరమైనవి. ఆ లోటును ఇలవేల్పు గుడి కొంతవరకు తీర్చినది.

జమీందారుల సంగతి వేరు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సహాయంతో కైఫీయతులు సేకరించినప్పుడు దక్షిణాది పాళెగాండ్ల వంశావళులు కూడ చేరినవి. ఎట్టయపురం సంస్థానపు చరిత్ర ‘వంశమణి దీపికై’ 1879లో తమిళంలో వెలువడినది. ఇటువంటి వంశావళులను ఒక జాగ్రత్తతో చదవాలి. అవి తరచుగా హక్కు నిరూపించుకోవడానికి రాయించినవి. పెద్ద కుమారుడెవరు, ఎవరిచేత పట్టం కట్టించుకొన్నారు అనేది వాటికి ముఖ్యం. రాణుల పేర్లు అరుదు. కూతుళ్ళు ఎక్కడికి పోయినారో చెప్పేవి ఇంకా అరుదు.

రహస్యాన్ని కథగా మార్చి దాచడం అన్ని కులాలలోనూ ఉన్నది. 1879 డిసెంబరు 30న తిరుచ్చులిలో పుట్టిన రమణ మహర్షి ఇంట్లో, తరానికొకరు సన్యాసి అవుతారనే మాట ఉండేది. భిక్ష నిరాకరించిన పూర్వికునికి ఒక యతి ఇచ్చిన శాపం అది అని చెప్పుకొనేవారు. ఆయన తండ్రి సుందరమయ్యరు ముందు తరంలో ఒకరు, ఆ తరువాత సుందరమయ్యరు అన్న ఇల్లు విడిచిపోయినారు. 1896లో పదహారేండ్ల వేంకటరామన్ ఉత్తరం ఒకటి రాసిపెట్టి తిరువణ్ణామలైకి వెళ్ళినప్పుడు మూడవ తరం వంతు వచ్చినది. ఇల్లు విడిచిపోయిన మనిషిని గూర్చి తల్లీ భార్యా పడిన బాధకు ఆ శాపకథ ఒక ముసుగు. అటువంటి ముసుగు లేని ఇల్లు ఉండదేమో!

తెలుగు కుటుంబాల ఇలవేల్పులలోనూ ఇదే చూడవచ్చును. దక్షిణ జిల్లాలలో ఇంటిదేవతగా పూజలందుకొనే అమ్మలలో చాలామంది అకాలమరణం పొందిన ఆడవారు. కొందరు మంటలో పడినవారు, కొందరు ప్రసవంలో పోయినవారు, కొందరు ఇంటివారి చేతిలోనే చచ్చినవారు. “తీప్పాంచ అమ్మన్” అన్న తమిళపు పేరుకు అగ్నిలో దూకిన అమ్మ అని అర్థం. ఆమె పేరేమి, ఎందుకు దూకినది అని అడిగితే పూజారి తడబడతాడు. పసుపు కుంకుమల క్రింద అణగి ఉన్నది చాలాసార్లు ఒక కుటుంబ రహస్యమే.

ముందు కాగితాలు

ఉమ్మి పంపేముందు వెదకవలసినవి ఊరిలోనే ఉన్నవి. తమిళనాడులోని తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఆంధ్రలో ఇంటిపేరు బడి రిజిస్టరులో ఎక్కుతుంది. ఇక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్‌గా నిలుస్తుంది. తాత పేరు మూడవ తరానికి కాగితంలో కనిపించదు. ఇంటిపేరు పెండ్లి మాటలు జరిగేటప్పుడు, ఇలవేల్పు గుడిలో మాత్రం వినిపిస్తుంది. ఇంటిపేరు, ఇలవేల్పు ఊరు, పెండ్లికి పనికిరాని ‘అన్నదమ్ముల’ ఇంటిపేర్లు అనే మూడింటిని వ్రాసిపెట్టుకొంటే సగం పని అయినట్లే.

తరువాత పొలం కాగితాలు. పట్టా, చిట్టా, అడంగల్, పాత సెటిల్‌మెంటు రిజిస్టరు చూస్తే ఫలానా సర్వే నంబరు ఎవరి పేరనుండి ఎవరి పేరుకు మారినదో తెలుస్తుంది. 1980లో తమిళనాడు ప్రభుత్వం వంశపారంపర్యపు కరణం, మునసబు పదవులను రద్దుచేసినది. అంతవరకు లెక్కలు ఆ ఇండ్లలోనే ఉండేవి. నేడు వాటిని అడగవలసినది గ్రామ పరిపాలనాధికారినీ తాలూకా ఆఫీసునూ. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో విల్లంగ సర్టిఫికేటు తీస్తే పాత దస్తావేజులు బయటపడతాయి. తాసిల్దారు ఇచ్చే వారిసు సర్టిఫికేటులో బిడ్డలందరి పేర్లూ ఉంటాయి. ఇంట్లో ఎవరూ చెప్పని బిడ్డ పేరు కూడ ఒక్కొక్కసారి అక్కడ ఉంటుంది.

సముద్రం దాటినవారి కాగితాలు ఇంకా గొప్పవి. దక్షిణాఫ్రికాలోని నెటాలుకు 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ చేరినది. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది కూలి ఒప్పందంపై వెళ్ళినారు. ఒక్కొక్కరికి ఒక నంబరు. ఆ నంబరు క్రింద పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు నమోదు చేసినారు. మారిషస్‌కు వెళ్ళినవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నవి. కొందరి ఛాయాచిత్రాలు కూడ ఉన్నవి. ఫిజీకి 1879–1916 మధ్య సుమారు 61 వేల మంది వెళ్ళినారు. మద్రాసు నుండి అక్కడికి ఓడలు 1903లో మొదలైనవి. ఊరిలో పుట్టుక నమోదు కాని కూలివానికి ఓడ ఎక్కగానే కాగితం పుట్టినదన్నమాట! కాని ఆ కాగితంలో కులం మార్చి చెప్పుకొన్నవారున్నారు, భార్య కాని ఆమెను భార్యగా వ్రాయించినవారున్నారు, పేరే మార్చుకొన్నవారున్నారు. ఓడ రేవులో గుమాస్తా చెవికి తోచిన అక్షరాలలో ఊరి పేరు వ్రాసికొన్నాడు.

మన ప్రాంతానికి మరింత దగ్గరది లంక. రామనాథపురం, మదురై, తిరునెల్వేలి జిల్లాల నుండి కంగాణీల వెంట తేయాకు తోటలకు వెళ్ళినవారిలో తెలుగు మాట్లాడే చక్కిలియర్లు కూడ ఉన్నారు. 1964 అక్టోబరు 30న కుదిరిన శాస్త్రి–సిరిమావో ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం తీసికొనడానికి ఒప్పుకొన్నది. తిరిగివచ్చిన ప్రతి కుటుంబానికి ఇచ్చిన కుటుంబ కార్డు నేడు విలువైన వంశపత్రం. లంకలో ఒక సంసారం, ఊరిలో ఒక సంసారం ఉన్నవారి మాట ఈ పల్లెలకు కొత్త కాదు. ఓడ ఎక్కినవానికోసం కాచుకొని ఉన్న ఇల్లాలిని ఊరు మరచిపోయినది. పోయినవాని మనుమడు ఇప్పుడు డర్బను నుండో హట్టన్ నుండో ముత్తాత ఊరు వెదకుతూ వస్తే, ఇక్కడివారికి కలిగే మొదటి అనుమానం పొలంలో భాగం అడుగుతాడేమో అని. అతడు చాలావరకు అడిగేది ఊరి పేరూ ఇలవేల్పు పేరూ మాత్రమే.

ఇటువంటి పాత కాగితాలలో రెండవ భార్య కనిపించినంతనే రహస్యం దొరికినదని ఉలిక్కిపడనక్కరలేదు. మద్రాసు రాష్ట్రంలో హిందువుల ద్విభార్యాత్వాన్ని నిషేధించిన చట్టం 1949లో వచ్చినది. దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టం వర్తించినది. అంతకు ముందు జరిగిన రెండవ పెండ్లి చట్టానికి విరుద్ధం కాదు. ఆనాడు ఊరంతా ఎరిగిన సంగతే, ఆ తరువాతి తరాలు సిగ్గుపడి మాట్లాడడం మానివేసినందువల్ల రహస్యమైనది.

ఉమ్మిలో ఏమున్నది?

ఉమ్మితో పాటు నోటి లోపలి కణాలు, తెల్ల రక్తకణాలు వస్తాయి. వాటిలోని డి.ఎన్.ఏ.ను ప్రయోగశాలలో కొన్ని లక్షల చోట్ల చదువుతారు. దానిలో మూడు దారులున్నవి.

మొదటిది వై క్రోమోజోము. తండ్రి నుండి కొడుకుకు మాత్రమే పోతుంది, దాదాపు మన ఇంటిపేరు వలెనే. రెండవది మైటోకాండ్రియా. తల్లి నుండి బిడ్డలందరికీ వచ్చినా కూతుళ్ళ ద్వారానే ముందుకు సాగుతుంది. మూడవది మిగిలినదంతా. అది తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తుంది. తాతతో సుమారు 25 శాతం, అన్నదమ్ముల బిడ్డల మధ్య సుమారు 12.5 శాతం కలుస్తుంది. ముత్తాత తండ్రి ఒక్కరే అయిన ఇద్దరి మధ్య ఒక శాతం కూడ కలవదు. అటువంటి దాయాదులలో ఇంచుమించు పదింట ఒక జంటకు కనిపించే పోలికే ఉండదు. కనుక జాబితాలో పేరు లేనంత మాత్రాన బంధువు కాకపోడు.

ఇక్కడే మన కుటుంబాలు జాగ్రత్తగా వినవలసిన మాట ఉన్నది. ఇంటిపేరు ఒక్కటే అయిన ఇద్దరు మగవారి వై క్రోమోజోములు కలవలేదనుకొందాం. వెంటనే మనసు పోయేది ఏ అవ్వ మీదికో. అది అన్యాయం. మగబిడ్డలు లేని ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుని సంతతి ఆ ఇంటిపేరుతోనే నిలిచిపోయి ఉండవచ్చును. కూతురి కొడుకును దత్తత తెచ్చుకొని ఉండవచ్చును. కరవు కాలంలో చచ్చిన అక్క బిడ్డను తమ బిడ్డలలో కలిపి పెంచి ఉండవచ్చును. 1876–78 నాటి పెద్ద కరవు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టినప్పుడు అనాథలైన బిడ్డలను ఎవరు ఎవరింట పెంచినారో ఏ రిజిస్టరూ చెప్పదు. వీటిలో ప్రతి ఒక్కటీ వై క్రోమోజోము దారిని తెంచుతుంది. ఏ ఒక్కదానిలోనూ తప్పు లేదు. బెల్జియం వంటి దేశాలలో శాస్త్రజ్ఞులు వంశవృక్షాలనూ వై క్రోమోజోములనూ పోల్చి చూసినప్పుడు, తండ్రి అనుకొన్నవాడు తండ్రి కానివి తరానికి నూటికి ఒకటి మాత్రమే తేలినవి. అనుమానాలు అంతకంటె ఎన్నో రెట్లు ఉంటాయి!

మేనరికపు చిక్కు

రెండవ చిక్కు మేనరికం. కంపెనీల లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివారిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. అక్కడ భార్యాభర్తలు సాధారణంగా బంధువులు కారు. మన ఇండ్లలో మేనత్త కొడుకును, మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసికొనడం తరతరాల ఆచారం. మేనమామకూ మేనకోడలికీ 25 శాతం డి.ఎన్.ఏ. ముందే ఉమ్మడిగా ఉంటుంది. వారి బిడ్డలో తల్లివైపూ తండ్రివైపూ ఒకే తునకలు వచ్చిన భాగం సగటున 12.5 శాతం. మేనబావ, మరదలి బిడ్డలో 6.25 శాతం.

దీని ఫలితమేమి? రెండు ఇండ్లు నాలుగైదు తరాలు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకొంటే, దూరపు దాయాది కూడ కంప్యూటరు కంటికి సొంత పినతండ్రి బిడ్డ వలె కనిపిస్తాడు. “మీకు ఇంత దగ్గరి బంధువు ఉన్నాడు” అని వచ్చిన సమాచారం చూసి తాతకు రహస్యపు సంసారం ఉన్నదని నిర్ణయించుకొంటే, లేని పాపాన్ని అంటగట్టినట్లే. విదేశీ సాధనాలలో కొన్ని “మీ తల్లిదండ్రులు బంధువులు కావచ్చును” అని హెచ్చరిక కూడ చూపుతాయి. పాశ్చాత్యులకు అది గుండె జారే మాట. ఇక్కడ పెండ్లిపత్రికలోనే అచ్చయిన సంగతి.

తల్లిబిడ్డ, తండ్రిబిడ్డ సంబంధం ఒక్కటి మాత్రం ఇట్లు తారుమారు కాదు. అక్కడ ప్రతి క్రోమోజోములోనూ ఒక సగం పూర్తిగా కలిసి తీరాలి. సవతి అన్నదమ్ములు, పినతండ్రి, తాత అనే మెట్టుకు వచ్చేసరికి అందరూ 25 శాతమే కనుక, వయస్సూ కాగితమూ చూడక ఏదీ తేల్చరాదు.

ఇక “మీరు తెలుగువారా, తమిళులా” అన్న ప్రశ్నకు ఈ పరీక్ష జవాబు చెప్పదనే అనవచ్చును. కంపెనీలు దక్షిణ భారతాన్నీ శ్రీలంకనూ కలిపి ఒకటో రెండో పెద్ద ముక్కలుగా చూపుతాయి. భాష రక్తంలో లేదు. ఏరు దాటినప్పుడు చెట్టు వంగినదో లేదో అది చెప్పదు.

కులం లోపల పెండ్లిళ్ళ చరిత్ర మాత్రం డి.ఎన్.ఏ.లో బాగా కనిపిస్తుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, కె. తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారు 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించి, చాలా కులాలు కొద్దిమంది పూర్వికుల నుండి పెరిగి, దీర్ఘకాలం తమలో తామే పెండ్లాడినవని చూపినారు. ఆంధ్రదేశపు వైశ్యులు అందుకు ముఖ్యమైన ఉదాహరణ. 2017లో 260కి పైగా సమూహాలతో చేసిన మరొక పరిశోధనలోనూ వైశ్యులూ, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా గల అరుంధతీయర్లూ ఆ కోవలో కనిపించినారు. ఇది గొప్పతనమూ కాదు, లోపమూ కాదు. కాని వైశ్యులలో కొందరికి బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండరాల మందు వారిలో చాలాసేపటికి గాని దిగదు, ఊపిరి అందదు. “మా తాత ఆపరేషను బల్ల మీద లేవలేదు” అన్న మాటను దాచక వైద్యునికి చెప్పడం ప్రాణం కాపాడుతుంది. దాచకూడని ఇంటి రహస్యం ఏదైనా ఉన్నదంటే అది ఇటువంటిది.

బయటపడిన కొన్ని సంగతులు

ఈ శాస్త్రం మన పొరుగునే ఒక పల్లెను ప్రపంచానికి తెలియజేసినది. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్. పిచ్చప్పన్, అమెరికా శాస్త్రజ్ఞుడు స్పెన్సర్ వెల్స్ కలిసి మదురై జిల్లా ఉసిలంపట్టి దగ్గరి జోతిమాణిక్కం గ్రామంలో ఎం130 అనే పాతకాలపు వై క్రోమోజోము గుర్తును కనుగొన్నారు. ఆఫ్రికా నుండి తీరం వెంబడి ఆస్ట్రేలియా వైపు సాగిన తొలి మానవుల దారికి అది ఆనవాలన్నారు. తరువాత నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ 2005లో ప్రారంభించిన జీనోగ్రాఫిక్ ప్రాజెక్టులో భారతదేశపు భాగాన్ని పిచ్చప్పనే నడిపినారు.

రాజుల ఇండ్లూ మినహాయింపు కావు. బ్రిటన్ యువరాజు విలియం తల్లివైపు పూర్వికురాలు ఎలైజా కెవార్క్ సూరతులో థియొడోర్ ఫోర్బ్స్ అనే ఈస్టిండియా కంపెనీ వర్తకుని ఇంట ఉండినది. ఆమె అర్మీనియా దేశస్థురాలని ఆ కుటుంబం చెప్పుకొనేది. 2013లో ఆమె స్త్రీసంతతివారిని పరీక్షించినప్పుడు మైటోకాండ్రియా భారతదేశపు రకమని తేలినది. కూతురిని స్కాట్లండుకు పంపివేసిన ఆ తల్లి ఇరువందల ఏండ్ల తరువాత తన ఊరును తానే చెప్పుకొన్నట్లయినది.

న్యాయస్థానాల దాకా పోయిన సంగతులూ ఉన్నవి. డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని మన దేశంలో నెలకొల్పినవారు హైదరాబాదులో లాల్జీ సింగ్. 1991లో కేరళ హైకోర్టు ఒక పితృత్వ వివాదంలో దానిని సాక్ష్యంగా ఆమోదించినది. 2007 నుండి 2009 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ విషయం అందరూ ఎరిగినదే. రోహిత్ శేఖర్ వేసిన దావాలో 2012లో రక్తం తీసి పరీక్షించగా ఆయనే తండ్రి అని తేలినది. 2014లో తివారీ ఆ కుమారుని బహిరంగంగా అంగీకరించినారు.

అంతమాత్రాన ప్రతి అనుమానానికీ కోర్టు పరీక్ష చేయించదు. భార్యాభర్తల వివాహబంధం నిలిచి ఉన్న కాలంలో, లేక అది తెగిన 280 దినాలలోపల పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే చట్టం భావిస్తుంది. 1872 సాక్ష్య చట్టంలోని ఈ నియమం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతున్నది. పసిబిడ్డలను యాంత్రికంగా డి.ఎన్.ఏ. పరీక్షకు ఈడ్వరాదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పినది. ఇంట్లో ఉమ్మి నింపి తెప్పించుకొన్న కాగితం, ఆ ఉమ్మి ఎవరిదో నిరూపించలేదు కనుక, కోర్టులో నిలవడం కష్టం. చెల్లని వివాహం వలన పుట్టిన బిడ్డలకు కూడ, ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు రావలసిన వాటా నుండి భాగం ఉన్నదని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంటే రెండవ సంసారపు బిడ్డను దాచి ఆస్తి కాపాడుకొందామన్న పాత ఎత్తు నేడు పారదు.

దత్తత బిడ్డల మాట మరీ సున్నితమైనది. తల్లిదండ్రులు చెప్పకముందే వెబ్‌సైటు చెప్పితే ఆ గాయం మానదు. చట్టబద్ధమైన సంస్థ ద్వారా దత్తుకు వచ్చినవారు పద్దెనిమిదేండ్లు నిండిన తరువాత తమ మూలాలను వెదకుకోవడానికి నియమాలున్నవి. వారి తరఫున మూడవ మనిషి వెదకడానికి అనుమతి లేదు. ఆ బిడ్డను కన్న తల్లి నేడు ఏ ఇంట ఎవరికి ఏమీ చెప్పక బ్రతుకుతున్నదో అన్న ఆలోచన ఈ నియమం వెనుక ఉన్నది.

పంపేముందు

ఒక్కరు ఉమ్మి పంపితే అది వారి ఒక్కరి సంగతి కాదు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మేనత్తలూ అందరి సంగతీ సగమో పావో అందులో పోతుంది. కనుక ఇంటి పెద్దలకు చెప్పి, అక్కరలేదన్నవారి మాటను గౌరవించి చేయాలి. మైనరు బిడ్డల ఉమ్మి పంపరాదు. సెలవులకు వచ్చి “ఇది సరదా ఆట తాతయ్యా” అని గొట్టం చేతికివ్వడం మోసమే.

పంపినది ఎక్కడ ఉంటుందో కూడ చూసికోవాలి. ఈ రంగంలో పేరుపొందిన ట్వంటీత్రీ అండ్ మీ అనే అమెరికా కంపెనీ నుండి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలైనవి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కినది. అదే ఏడాది దాని ఆస్తులు 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దాని స్థాపకురాలు నడిపే మరొక సంస్థకు చేరినవి. ఖాతాదారుల డి.ఎన్.ఏ. వివరాలు కూడ ఆ ఆస్తులలో భాగమే. బంధువుల జాబితాలో మన పేరు కనబడకుండ చేసే ఏర్పాటు, వివరాలను చెరిపివేయమని కోరే ఏర్పాటు సాధారణంగా ఉంటాయి. డబ్బు కట్టకముందే అవి చదవాలి. మన దేశపువారు ఆ పట్టికలలో తక్కువ కనుక దొరికే బంధువులు ఎక్కువగా విదేశాలలో స్థిరపడినవారే అయి ఉంటారు.

ఊహించనిది ఏదైనా వచ్చినప్పుడు మొదటి వారం ఎవరికీ ఫోను చేయకుండ ఉండడం మేలు. రెండవ కంపెనీలో గాని, మరొక బంధువు ఉమ్మితో గాని సరిచూసికొని, ఇల్లరికం, దత్తత, కరవు, లంక అన్న నాలుగు దారులనూ కాగితాలలో వెదకాలి. అప్పటికీ మిగిలితే, దానివలన ఎవరికి నష్టమో వారికే ముందుగా, ఒంటరిగా చెప్పాలి. పెండ్లి పందిరిలో కాదు, వాట్సాప్ గుంపులో అసలే కాదు.

వంశవృక్షం గీసేవారు తరచుగా మరచేది కోడండ్ర పుట్టింటి పేర్లు. తాత పేరు, తండ్రి పేరు, కొడుకు పేరు గీసి, ప్రక్కన “భార్య” అని వదలివేస్తారు. ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు, ఇలవేల్పు వ్రాస్తే మేనరికాలు ఎక్కడెక్కడ ముడిపడినవో అప్పుడే కనబడుతుంది, ఉమ్మి పరీక్ష కాగితమూ అర్థమవుతుంది. దీనికి తగిన రోజు మహాశివరాత్రి. ఎక్కడెక్కడి అన్నదమ్ములూ ఆనాడు ఇలవేల్పు గుడికి వస్తారు, ఎనబై దాటిన అవ్వలు రాత్రంతా మేలుకొని ఉంటారు. నోటుపుస్తకం ఒకటి తీసికొని పోయి, వారిని ముందుగా వారి అమ్మ పేరు అడగవచ్చును.